ఉప్పునీటి అక్వేరియంలో అడుగు ఇసుక యాజమాన్యం: మాగాణి నేలతో ఒక పోలిక

నాట్లు వేసిన మూడు వారాల తరువాత వరి మడి నుండి ఒక మట్టి పెళ్లను చెదరకుండా పైకి తీసి, నిలువుగా కోసి చూచినచో రెండు పొరలు స్పష్టంగా కనబడతాయి. పైన కొన్ని మిల్లీమీటర్ల మొదలు ఒక సెంటీమీటరు వరకు గోధుమ వర్ణపు పొర. దాని క్రింద నీలిబూడిద రంగు నుండి నలుపు వరకు మారే పొర. పై పొరకు నిలువ నీటి ద్వారా ప్రాణవాయువు అందుతుంది, క్రింది పొరకు అందదు. వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులందరికీ పరిచితమైన ఈ దృశ్యమే ఉప్పునీటి అక్వేరియం అడుగున పరచిన ఇసుకలో కూడా ఏర్పడుతుంది. అక్కడ దానిని చూచుటకు పారతో గుంట త్రవ్వనవసరం లేదు. గాజు గోడ వెంబడి నేల పరిచ్ఛేదిక మొత్తం కంటికి ఎదురుగా ఉంటుంది. అయితే గాజును ఆనుకొని వెలుతురు పడే చోట నాచు, ఊదారంగు బాక్టీరియా పెరుగుతాయి కావున అంచున కనబడే రంగులన్నీ లోపలి ఇసుకకు వర్తిస్తాయని భావించరాదు.

సముద్రపు చేపలను ఇంట పెంచే మా పూర్వ విద్యార్థులు కొందరు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: అడుగు ఇసుకను శుభ్రంగా ఎట్లా ఉంచాలి? ఈ ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉన్నదని నా అభిప్రాయం. ఇసుకను అలంకరణ వస్తువుగా భావించినప్పుడు కడగవలెననే ఆలోచన వస్తుంది. అది నీట మునిగిన నేల. నేలను కడగము, దాని పొరలను గుర్తించి యాజమాన్యం చేస్తాము.

నత్రజని ప్రయాణం

చేపకు వేసే మేత, పైరుకు వేసే ఎరువు వంటిదే. ఒక చిన్న లెక్క చూద్దాము. 45 శాతం మాంసకృత్తులు గల మేతలో నత్రజని సుమారు 7.2 శాతం ఉంటుంది. రోజుకు ఒక గ్రాము చొప్పున పది రోజులు వేస్తే 0.72 గ్రాముల నత్రజని తొట్టిలోనికి చేరుతుంది. అది మొత్తం నైట్రేటుగా మారినచో సుమారు 3.2 గ్రాములు, అనగా 200 లీటర్ల నీటిలో లీటరుకు 16 మి.గ్రా. కొంత చేప దేహంలో నిలుస్తుంది, కొంత నాచు గ్రహిస్తుంది, కొంత స్కిమ్మర్ తీసివేస్తుంది. అయినను దిశ మారదు. పగడపు దిబ్బల చుట్టూ ఉండే సహజ సముద్రపు నీటిలో నైట్రేటు లీటరుకు ఒక మి.గ్రా. కంటే ఎంతో తక్కువ. మనం రోజూ ఎరువు వేస్తూ పంట కోయని పొలం వంటిది అక్వేరియం.

మేత నుండి, విసర్జితాల నుండి విడుదలయ్యే అమ్మోనియాను ఇసుక పై పొరలోనూ రాళ్లపైనా ఉండే బాక్టీరియా మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఈ నత్రీకరణకు ప్రాణవాయువు తప్పనిసరి. ఏర్పడిన నైట్రేటు మెల్లగా క్రిందికి వ్యాపించి ప్రాణవాయువు లేని పొరను చేరినప్పుడు అక్కడి బాక్టీరియా ప్రాణవాయువుకు బదులుగా నైట్రేటును వాడుకొని, దానిని నత్రజని వాయువుగా మార్చి విడుదల చేస్తాయి. ఇదే వినత్రీకరణ.

ఈ క్రమం మన పాఠకులకు కొత్త కాదు. వరి నేలలలో నత్రజని నష్టానికి ఇదే ప్రధాన కారణాలలో ఒకటని జపాన్ శాస్త్రవేత్త షియోయిరి గత శతాబ్ది తొలి అర్ధభాగంలోనే గుర్తించి, అమ్మోనియా రూపంలోని ఎరువును క్షయకరణ పొరలో లోతుగా వేయుటను సూచించారు. నీట మునిగిన నేలల రసాయన శాస్త్రంపై అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు చెందిన ఎఫ్.ఎన్. పొన్నంపెరుమ 1972లో అడ్వాన్సెస్ ఇన్ ఆగ్రానమీలో వ్రాసిన సుదీర్ఘ సమీక్ష నేటికీ మనకు ఆధార గ్రంథమే. వరి పొలంలో మనం అరికట్టజూచే నష్టమే అక్వేరియం యజమాని కోరుకొనే లాభం కావడం ఇక్కడి విశేషం. రైతుకు వినత్రీకరణ దొంగ వంటిది. ఉప్పునీటి తొట్టిలో అదే పాకీ పనిని జీతం లేకుండా చేస్తున్నది. మూడు దశాబ్దాలుగా దానిని తగ్గించే మార్గాలు బోధించిన నాకు, ఇంట్లో దానిని పెంచే ఉపాయం వెదకవలసి రావడం మొదట విచిత్రంగానే తోచింది.

గంధకం వద్ద పోలిక ఆగుతుంది

మాగాణి నేలకూ అక్వేరియం ఇసుకకూ గల అసలు భేదం నత్రజనిలో లేదు, గంధకంలో ఉన్నది. ప్రాణవాయువు తరిగినకొద్దీ సూక్ష్మజీవులు వరుసగా నైట్రేటును, మాంగనీసును, ఇనుమును, ఆ తరువాత సల్ఫేటును వాడుకొంటాయి. ఆక్సీకరణ–క్షయకరణ పొటెన్షియల్ +200 నుండి +300 మిల్లీవోల్టుల మధ్య నైట్రేటు క్షయం జరిగితే, –150 దరిదాపులకు దిగినప్పుడు సల్ఫేటు హైడ్రోజన్ సల్ఫైడుగా మారుతుంది. మంచినీటి కాలువ క్రింది వరి మడిలో సల్ఫేటు పరిమితంగానే ఉంటుంది. సముద్రపు నీటిలో మాత్రం లీటరుకు సుమారు 2,700 మి.గ్రా. ఉంటుంది. ముడిసరుకుకు కొరత లేదు కావున ఇసుక అడుగున సేంద్రియ పదార్థం చేరిన ప్రతిచోట సల్ఫైడు తయారు కాగలదు.

రెండవ భేదం ఇనుము. మన ఎర్రనేలలలోను, ఒండ్రు నేలలలోను ఇనుము పుష్కలంగా ఉంటుంది. అక్కడ పుట్టిన సల్ఫైడు ఇనుముతో కలసి కరగని నల్లని ఐరన్ సల్ఫైడుగా అవక్షేపిస్తుంది. వరి వేరు బ్రతుకుతుంది. ఇనుము కొట్టుకొనిపోయిన తేలిక నేలలలో ఈ రక్షణ లేక వేళ్లు కుళ్లి, పైరు పక్వదశలో దెబ్బతినుటను జపాను వారు అకియోచి అని పిలిచారు. అక్వేరియంలో వాడే అరగొనైట్ ఇసుక దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేటు. అందులో ఇనుము అత్యల్పం. కావున ఇసుక తెల్లగా ఉన్నంత మాత్రాన సల్ఫైడు లేదని ధైర్యపడరాదు. అది పట్టుబడక రంధ్రాల నీటిలో స్వేచ్ఛగా ఉండవచ్చు. నల్లని చార కనబడగానే భయపడుట కూడా సరికాదు. నలుపు అనగా కొంత సల్ఫైడు ఇనుముకు చిక్కిందని అర్థం. రంగు కంటే వాసన నమ్మదగిన సూచిక. కుళ్లిన గుడ్డు వాసన అతి స్వల్ప గాఢతలోనే మన ముక్కుకు తెలుస్తుంది.

ఒక అనుభవం

ఇంత తెలిసి కూడా నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పుకొనుట ఉచితం. కొన్నేళ్ల క్రితం నివాసం మారవలసి వచ్చినప్పుడు, ఆరు సంవత్సరాలుగా నడచిన మా ఇంటి తొట్టిని కొత్త ఇంటికి తరలించాము. 10 సెం.మీ. లోతు గల ఇసుకను బక్కెట్లలోనికి ఎత్తి, సాయంత్రం కొత్త చోట తొట్టిలో పోసి, పాత నీటినే నింపి చేపలను వదిలాను. ఇసుకలో మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నవి, వాటిని పారవేయరాదన్నదే నా ఆలోచన. నీరు మరునాటికి తేరుకొన్నది గాని చేపలు తేరుకోలేదు. ఐదేళ్లుగా ఒకే మూలను కాపురం చేసుకొన్న క్లౌన్ చేపల జంట సహా ఐదు చేపలు తెల్లవారేసరికి ప్రక్కకు ఒరిగి ఉన్నవి. మా అమ్మాయి ఆ జంటకు పెట్టిన పేర్లను ఆ తరువాత ఇంట్లో ఎవరమూ పలుకలేదు.

జరిగినది ఊహించుట కష్టం కాదు. పొరలుగా ఉన్న ఇసుకను నేను దమ్ము చేసినట్లు కలిపివేశాను. అడుగున నిలువ ఉన్న సల్ఫైడు, అమ్మోనియా ఒక్కసారిగా నీటిలో కలిశాయి. సల్ఫైడు ఆక్సీకరణకు, పైకి వచ్చిన కుళ్లు విచ్ఛిన్నానికి నీటిలోని ప్రాణవాయువు ఖర్చయినది. ఉదజని సూచిక 8.2 దగ్గర ఉన్న నీటిలో సల్ఫైడు ఎక్కువ భాగం తక్కువ హానికరమైన అయాను రూపంలో ఉంటుందన్నది నిజమే. కాని అదే క్షారత్వం అమ్మోనియాను మరింత విషపూరితం చేస్తుంది. ఒకదాని నుండి కాపాడే గుణమే మరొకదానికి పదును పెడుతుంది. భీమవరం, నెల్లూరు ప్రాంతాలలో రొయ్యల రైతులు పంట మధ్యలో చెరువు అడుగు నల్లమట్టిని కదిలించుటకు ఎందుకు జంకుతారో తరగతిలో చెప్పిన మనిషినే నేను. బక్కెట్టు పట్టుకొన్నప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదు.

ఇసుక ఎంపిక, లోతు

రేణువు పరిమాణం మొదటి నిర్ణయం. 2 మి.మీ. రేణువుతో పోల్చితే 0.2 మి.మీ. రేణువులకు సమాన ఘనపరిమాణంలో ఉపరితలం పది రెట్లు ఎక్కువ, అనగా బాక్టీరియాకు అంత నివాసం ఎక్కువ. సన్న ఇసుకలో వ్యర్థం పైననే నిలిచి సులభంగా తీయుటకు వీలవుతుంది. గులక వంటి ముతక పదార్థంలో అది సందులలోనికి జారి కంటికి కనబడకుండా కుళ్లుతుంది. మరీ పిండి వంటి ఇసుక పంపు ప్రవాహానికి లేచి చేపలను ఇబ్బంది పెడుతుంది. 0.5 నుండి 1.5 మి.మీ. మధ్య రేణువులు సాధారణ గృహ అక్వేరియానికి అనుకూలం. లోతైన ఇసుక పెట్టదలచినవారు అంతకంటే సన్నమైనది వాడవచ్చు.

విశాఖ, భీమునిపట్నం తీరాలకు చేరువలో ఉన్నవారు సముద్రపు ఇసుకనే తెచ్చి పోయరాదా అని అడుగుతారు. అది ప్రధానంగా సిలికా ఇసుక. కాల్షియం కార్బొనేటు కాదు. పైగా ఆ తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ వంటి బరువు ఖనిజాలు కలసి ఉంటాయి. అయస్కాంతానికి అంటుకొనే నల్లని రేణువులు పంపు చక్రంలోనికి చేరి దానిని అరగదీస్తాయి. తీర ప్రాంతపు కాలుష్యం సంగతి చెప్పనక్కరలేదు. మన్నార్ సింధుశాఖ వంటి రక్షిత ప్రాంతాల నుండి పగడపు ఇసుకను, రాళ్లను తెచ్చే ఆలోచన అసలే కూడదు. దిబ్బలను కట్టే పగడాలు, సముద్ర దోసకాయలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చబడినవి.

లోతు విషయంలో చాలా వివాదం నడచినది. ఫ్రెంచి సముద్ర జీవశాస్త్రవేత్త జాన్ జోబేర్ 1980వ దశకంలో ఇసుక క్రింద జల్లెడ పలకతో ఖాళీ అర నిర్మించి, దానిపై ఇసుకను పరచే పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చారు. ఆ అర అవసరం లేదని, 10 నుండి 15 సెం.మీ. సన్న ఇసుక, అందులో సమృద్ధిగా చిన్న జీవులు ఉంటే చాలునని అమెరికాకు చెందిన రోనాల్డ్ షిమెక్ 1990వ దశకంలో వాదించారు. అనంతరం జరిగిన పోలిక ప్రయోగాలలో ఖాళీ అర ఉన్న తొట్టికీ లేని తొట్టికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కావున అర కోసం శ్రమపడనక్కరలేదు.

నా సూచన సరళమైనది. 2 నుండి 4 సెం.మీ. పలుచని ఇసుక వేసి క్రమంగా శుభ్రపరచుకొనుట ఒక మార్గం. 10 సెం.మీ. పైబడి వేసి దాని జోలికి పోకుండుట రెండవ మార్గం. ఈ రెంటి నడుమ 6–7 సెం.మీ. లోతు పెట్టి, నెలకొకసారి గెలికే అలవాటు అన్నింటికంటే చెడ్డది. వినత్రీకరణకు కావలసిన స్థిరత్వం చిక్కదు, సల్ఫైడు మాత్రం చిక్కుతుంది. తొలిసారి తొట్టి పెట్టేవారికి పలుచని ఇసుకనే సిఫారసు చేస్తాను. లోతైన ఇసుకకు బరువు కూడా ఒక సమస్య. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 10 సెం.మీ. లోతు ఇసుక 54 లీటర్లు, అనగా సుమారు 80 కిలోలు. నీరు, రాళ్లు దీనికి అదనం. హెక్టారు నాగటి చాలు మట్టి బరువును విద్యార్థులచే లెక్క కట్టించే మనం బల్ల కొనేముందు ఈ లెక్క కూడా వేయవలెను.

రాళ్లను ముందుగా గాజు అడుగుపై నిలకడగా అమర్చి, తరువాత ఇసుక పోయవలెను. ఇసుకపై రాయి నిలిపితే, గుంటలు త్రవ్వే చేప ఏదో ఒకనాడు దానిని కూలదోస్తుంది. కొత్త ఇసుకను మంచినీటితో తెల్లని నురుగు పోయేవరకు కడిగి వాడవలెను. తొట్టిలోని నత్రీకరణ బాక్టీరియా స్థిరపడుటకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగిన తరువాతనే చేపలను వదలవలెను.

దున్నని సేద్యం

లోతైన ఇసుకలో దుక్కి పని మనది కాదు, జీవులది. నసారియస్ నత్తలు, చిన్న పాలీకీట్ పురుగులు, ఆంఫిపాడ్లు ఇసుకలో సన్నని బొరియలు చేస్తూ పై నీటిని మెల్లగా లోనికి దింపుతాయి. మిగులు మేతను తింటాయి. పొలంలో వానపాము చేసే పని ఇది. దుకాణాలలో ఇసుకను శుభ్రపరచునని అమ్మే కొన్ని నక్షత్ర చేపలు, ఇసుకను నోటితో జల్లించే గోబీ చేపలు వాస్తవానికి ఈ చిన్న జీవులనే తిని, కొన్ని నెలలలో ఇసుకను నిర్జీవం చేస్తాయి. తిండి అయిపోయిన తరువాత చిన్న తొట్టిలో అవి కూడా ఆకలితో చనిపోతాయి. వానపాములను తినే ప్రాణిని కొని పొలంలో వదలిన రైతు ఎవరైనా ఉంటారా?

నిత్య పనులు స్వల్పమే. పంపులను ఇసుక ఉపరితలంపై వ్యర్థం నిలువకుండా నీరు కదిలే విధంగా అమర్చాలి, కాని గుంటలు పడరాదు. నీరు మార్చేటప్పుడు లోతైన ఇసుకలో పై ఒక సెంటీమీటరును మాత్రమే సైఫను గొట్టంతో తాకాలి. పలుచని ఇసుకలో ఒకసారికి నాలుగవ వంతు చొప్పున అడుగు వరకు శుభ్రపరచవచ్చు; ఆ విధంగా నాలుగు దఫాలలో మొత్తం పూర్తవుతుంది, బాక్టీరియా మాత్రం ఎన్నడూ పూర్తిగా నశించవు. ఉపరితలంపై ఎర్రని జిగురు పొర కనబడితే అది సయనోబాక్టీరియా. గొట్టంతో పీల్చి తీయుట తాత్కాలికం. మేత తగ్గించి, ప్రవాహం పెంచుట అసలు చికిత్స.

మన ప్రాంతంలో రెండు ప్రత్యేక ఇబ్బందులున్నాయి. ఒకటి వేసవి. సముద్రపు నీటిలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 6.7 మి.గ్రా. ప్రాణవాయువు మాత్రమే కరుగుతుంది. 30 డిగ్రీలకు అది సుమారు 6.2కు తగ్గుతుంది. అదే సమయంలో ఇసుకలోని జీవుల శ్వాసక్రియ పెరుగుతుంది. రెండవది విద్యుత్ కోత. పంపులు ఆగినప్పుడు ప్రాణవాయువు లేని పొర మెల్లగా పైకి జరుగుతుంది. కొన్ని గంటల తరువాత పురుగులు, నత్తలు ఇసుక పైకి వచ్చి నిలబడతాయి. అది హెచ్చరిక. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకొన్నచో ఈ ప్రమాదం తప్పుతుంది. లోతైన ఇసుక గలవారికి ఇది ఐచ్ఛికం కాదు.

గాజు వెంబడి ఇసుకలో చిన్న గాలి బుడగలు కనబడితే కొందరు కంగారుపడి పుల్లతో పొడుస్తారు. వాసన లేని ఆ బుడగలు చాలావరకు వినత్రీకరణలో వెలువడిన నత్రజని వాయువే. వెలుతురు తగిలే అంచున నాచు విడుదల చేసిన ప్రాణవాయువు కూడా కావచ్చు. వాటిని వదలివేయవలెను.

భాస్వరం, ముసలి ఇసుక

సున్నపు నేలలలో భాస్వరం స్థిరీకరణను గురించి మనం రైతులకు చెప్పేదంతా అరగొనైట్ ఇసుకకు వర్తిస్తుంది. మేత ద్వారా చేరే ఫాస్ఫేటును కాల్షియం కార్బొనేటు రేణువులు పట్టుకొంటాయి. మొదటి సంవత్సరాలలో నీటి పరీక్షలో ఫాస్ఫేటు కనబడక యజమాని సంతోషిస్తాడు. రేణువులు నిండిన తరువాత అది నీటిలో పేరుకొనుట ఆరంభమవుతుంది. అప్పుడు ఫాస్ఫేటు తీసే పదార్థాలు వాడినను, నీటిలో తగ్గినంత మేర ఇసుక తిరిగి విడుదల చేస్తుంది. వారాల తరబడి పరీక్షా ఫలితం కదలదు. ఇసుక లోతులలో ఉదజని సూచిక పై నీటి కంటే తక్కువగా ఉండి కార్బొనేటు కొద్దికొద్దిగా కరిగే చోట కూడా పట్టుబడిన ఫాస్ఫేటు బయటపడుతుంది. నైట్రేటుకు గాలిలోనికి పోయే దారి ఉన్నది, భాస్వరానికి లేదు. మేతను తగ్గించుట, వ్యర్థం ఇసుకలోనికి దిగకముందే తీయుట తప్ప దీనికి నివారణ లేదు.

ఫాస్ఫేటుతో నిండిన పాత ఇసుకను మార్చవలసి వచ్చినప్పుడు మొత్తం ఒకేసారి తీయరాదు. తొట్టి అడుగును నాలుగు పట్టీలుగా భావించి, మొదటి పట్టీకి అంచుగా ఒక యాక్రిలిక్ పలకను అడుగు వరకు నెమ్మదిగా దింపవలెను. వెడల్పు గొట్టంతో ఆ పట్టీలోని ఇసుకను నీటితో సహా బయటి బక్కెట్టులోనికి లాగివేయాలి. ఆ నీటిలో ఒక్క చుక్క కూడా తిరిగి తొట్టిలోనికి పోయరాదు. తీసినంత మేర ముందుగా కలిపి ఉంచిన కొత్త ఉప్పునీటిని నింపి, కడిగిన ఇసుకను గొట్టం ద్వారా అడుగుకు జార్చాలి. ఆ రోజు, మరునాడు గాలి పంపును ఆపరాదు, మేత వేయరాదు. తొట్టిని వేరొక చోటికి తరలించువారు మాత్రం పాత లోతైన ఇసుకను పూర్తిగా విడిచి, రాళ్లను మాత్రం తడి ఆరకుండా తీసుకొనిపోయి, కొత్త ఇసుకతో ఆరంభించుట క్షేమం. అదే తొట్టిలో రెండవ పట్టీని మార్చుటకు కనీసం నాలుగు వారాలు ఆగవలెను. ఆ రోజు ఉదయం అమ్మోనియా పరీక్ష సున్నా చూపనిచో మరొక రెండు వారాలు వాయిదా వేయవలెను.